చించిల్లా పెంపకం: లేమికి అలవాటుపడిన శరీరానికి కలిమి ఎందుకు పడదు?

చించిల్లా అనే ఒత్తైన బొచ్చున్న చిన్న కొరికే జంతువును పెంచాలనుకునేవారికి మొదట ఎదురయ్యేది నియమాల చిట్టా. నీళ్లతో స్నానం చేయించకూడదు, కానీ ధూళిలో పొర్లనివ్వాలి. పండ్లు, గింజలు పెట్టకూడదు, ఎండుగడ్డి మాత్రం రోజంతా దాని ముందుండాలి. గది చల్లగా ఉండాలి, అయితే ఫ్యాను గాలి ఒక్కటీ చాలదు. ఎంత ముద్దొచ్చినా ఒడిసి పట్టుకోకూడదు. విడివిడిగా చదివితే వీటిలో కొన్ని ఒకదానికొకటి పొసగనట్టు, మరికొన్ని అనవసరమైన కాఠిన్యంలా తోస్తాయి. అందువల్లనే చాలామంది తమ మనసుకు కష్టంగా తోచిన నియమాలను మెల్లగా సడలిస్తారు; ఒక రోజు ఒక ఎండుద్రాక్ష, ఇంకో రోజు కాస్త వెచ్చని మూల, మురికిగా కనిపించినప్పుడు ఒక తడిగుడ్డ. ప్రేమతో చేసే ఈ సడలింపులే దాని ఆరోగ్యాన్ని దెబ్బతీస్తాయి.

నిజానికి ఈ నియమాలన్నిటికీ మూలం ఒక్కటే. చలి, పొడి గాలి, ముతక మేత, ఎటునుంచి వస్తుందో తెలియని వేట, వీటి నడుమ బతకడానికి తగినట్టుగా చించిల్లా శరీరం వేల తరాలపాటు రూపుదిద్దుకుంది. దాని బొచ్చు, పళ్ళు, పేగులు, చివరికి దాని భయం కూడా లేమికి కుదిరిన ఏర్పాట్లే. మన ఇళ్లలో దానికి దొరికేది అందుకు పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి: వెచ్చదనం, తేమ, మెత్తని తీపి ఆహారం, చేతుల్లోకి తీసుకునే మనుషులు. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే నియమాలను బట్టీ పట్టవలసిన పని ఉండదు; ఒక్కొక్కటీ ఎందుకు వచ్చిందో దానంతటదే బోధపడుతుంది.

ఆండీస్ కొండల నుంచి పంజరం దాకా

చించిల్లాలు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతానికి చెందిన కొరికే జంతువులు. వీటికి ఎలుకల కన్నా గినీ పిగ్‌లతోనే చుట్టరికం ఎక్కువ. పొడవు తోక ఉన్నదీ, పొట్టి తోక ఉన్నదీ అని రెండు జాతులున్నాయి. నేడు ఇళ్లలో పెరుగుతున్నవి పొడవు తోక జాతికి చెందినవి. ఒకప్పుడు చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనాలలో రాతి సందులలో గుంపులుగా బతికిన ఈ ప్రాణులు, పందొమ్మిదో శతాబ్దంలోను, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోను బొచ్చు వ్యాపారానికి బలైపోయాయి. ఒక్క పొడవాటి కోటు కుట్టడానికి వందకు పైగా తోళ్ళు కావలసి వచ్చేవి. 1910లో ఆ నాలుగు దేశాలూ వేటను, వ్యాపారాన్ని నిషేధిస్తూ ఒప్పందం చేసుకునేసరికి చాలా కొండల మీద ఒక్కటీ మిగలలేదు. నిషేధం వచ్చాక తోలు ధర ఇంకా పెరిగి దొంగవేట కొనసాగింది. ఇప్పటికీ రెండు జాతులూ అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనే ఉన్నాయి. చిలీలో ఇయాపెల్ పట్టణ సమీపాన 1983లో ఏర్పాటైన లాస్ చించిల్లాస్ అభయారణ్యం, అడవిలో మిగిలిన కొద్దిపాటి పొడవు తోక చించిల్లాలకు ఒక ముఖ్యమైన ఆశ్రయం.

ఇళ్లలోకి ఇవి వచ్చిన దారి కూడా బొచ్చు వ్యాపారమే. చిలీలో గనుల ఇంజనీరుగా పనిచేసిన మాథియాస్ చాప్‌మన్ అనే అమెరికన్, ప్రభుత్వ అనుమతి తీసుకుని, పదకొండు చించిల్లాలను 1923లో కాలిఫోర్నియాకు చేర్చాడు. ఎత్తైన కొండల మీద పట్టిన వాటిని ఒక్కసారిగా కిందికి తేకుండా, వేడికి అలవాటు పడేలా దశలవారీగా దించి, ఓడలో గూళ్లను మంచుగడ్డలతో చల్లబరుస్తూ ఆయన తీసుకువెళ్లాడు. ఈ ప్రాణిని పెంచేవారికి మొదటి పాఠం అక్కడే ఉంది: దాని మనుగడకు మొట్టమొదటి షరతు చల్లదనం. ఇప్పుడు అమెరికాలో పెరుగుతున్న చించిల్లాలలో చాలావరకు ఆ కొద్దిపాటి జంతువుల సంతతే. నూరేళ్ల పెంపకంలో బొచ్చు రంగులు మారాయి, శరీరం కొంత పెరిగింది. కానీ వేడిని తట్టుకునే శక్తి, తీపిని అరిగించుకునే శక్తి మాత్రం రాలేదు. గోధుమ, కుక్క, ఆవు వంటివి మనుషులతో వేల ఏళ్లుగా కలిసి మారుతూ వచ్చాయి. చించిల్లా విషయంలో అంత కాలం గడవలేదు. దాన్ని పెంపుడు జంతువు అనడం కన్నా, ఇంటిలో ఉంటున్న కొండ జంతువు అనడమే సరైనదని నా ఉద్దేశం.

బొచ్చు, వేడి, తేమ

మన తలలో ఒక్కో వెంట్రుక కుదురు నుంచి సాధారణంగా ఒకటి రెండు వెంట్రుకలే వస్తాయి. చించిల్లాకు ఒక్కో కుదురు నుంచి యాభైకి పైగా సన్నని నూగు వెంట్రుకలు గుత్తిగా మొలుస్తాయి. నేల మీద తిరిగే జంతువులలో ఇంత ఒత్తైన బొచ్చు మరి దేనికీ లేదని చెబుతారు. రాత్రివేళ ఎముకలు కొరికే చలిలో ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా ఆపడమే ఆ బొచ్చు పని, ఆ పనిని అది ఎంతో సమర్థంగా చేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, వేడి లోపలే ఉండాలా, బయటికి పోవాలా అన్నది సందర్భాన్ని బట్టి నిర్ణయించుకునే వెసులుబాటు ఆ బొచ్చుకు లేదు. చెమట పట్టి ఒళ్ళు చల్లబడే అవకాశం చించిల్లాకు లేదు. కుక్కలాగా ఎంతసేపైనా వగరుస్తూ వేడిని వదిలించుకోనూ లేదు. పలుచగా, రక్తనాళాలతో నిండిన పెద్ద చెవులే దానికి ఉన్న ప్రధానమైన మార్గం. ఒంట్లో వేడి పెరిగినప్పుడు చెవులు ఎర్రబడటానికి కారణం అదే.

గదిలో పది నుంచి ఇరవై డిగ్రీల సెల్సియస్ మధ్య వాతావరణం దానికి హాయిగా ఉంటుంది. ఇరవై అయిదు దాటితే జాగ్రత్త పడాలి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి వడదెబ్బ ప్రమాదం నిజంగానే ఎదురుగా ఉంటుంది. ఈ అంకెలకు తేమను కూడా జోడించి చూడాలి. గాలి తడిగా ఉన్నప్పుడు శ్వాస ద్వారా పోయే కొద్దిపాటి వేడి కూడా సరిగా పోదు కాబట్టి, మామూలుగా భరించగలిగే ఉష్ణోగ్రతే అప్పుడు భరించరానిదవుతుంది. పెంపకందారులలో ఒక లెక్క వాడుకలో ఉంది: ఫారన్‌హీట్‌లో ఉష్ణోగ్రతనూ, గాలిలో తేమ శాతాన్నీ కలిపితే వచ్చే మొత్తం 150కి మించకూడదని. దీన్ని శాస్త్రీయ సూత్రంగా తీసుకోనక్కరలేదు గాని, రెండూ కలిసి పనిచేస్తాయన్న సంగతిని గుర్తుచేయడానికి ఇది మంచి పద్ధతే. గోడకు ఉష్ణోగ్రతనూ తేమనూ చూపే చిన్న పరికరం ఒకటి తగిలించి, గది మధ్యలో కాకుండా గూడు ఉన్న ఎత్తులోనే దాన్ని ఉంచడం మేలు.

ఇక్కడ రెండు అపోహలను విడదీసి చూడాలి. మొదటిది ఫ్యాను. ఫ్యాను గాలిని చల్లబరచదు. మన చెమటను ఆరబెట్టి మనకు చల్లదనం కలిగిస్తుంది. చెమటే పట్టని జంతువుకు, అందులోనూ గాలి చొరబడనంత ఒత్తైన బొచ్చు ఉన్నదానికి, వేడి గదిలో ఫ్యాను వల్ల ఒరిగేది చాలా తక్కువ. రెండోది నీటితో పనిచేసే కూలర్. అది ఉష్ణోగ్రతను కొంత తగ్గించినా గాలిలో తేమను పెంచుతుంది కాబట్టి ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో తీసుకుంటుంది. వేసవిలో ఉష్ణోగ్రత పెరిగే ఏ చోటనైనా ఎయిర్ కండిషనర్ ఒక్కటే నమ్మదగిన ఏర్పాటు. పడుకోవడానికి గూటిలో ఉంచే పాలరాతి పలక ఒంటి వేడిని కొంత లాగుతుంది, అయితే అది ఏసీకి తోడే తప్ప దానికి బదులు కాదు. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా ముందే ఆలోచించుకోవాలి. గట్టిగా గడ్డకట్టించిన నీటి సీసాలను గుడ్డలో చుట్టి గూటి పక్కన పెట్టడం, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే కింది గదికి మార్చడం వంటివి కొన్ని గంటలపాటు ఆదుకుంటాయి, రోజులపాటు కాదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ చల్లదనాన్ని ఇవ్వలేని ఇంటిలో చించిల్లాను పెంచవద్దని నేను సూటిగానే చెబుతాను.

వడదెబ్బ తగిలిన చించిల్లా పక్కకు ఒరిగి పడుకుంటుంది, వేగంగా ఊపిరి తీస్తుంది, చెవులు బాగా ఎర్రబడతాయి, నోటి వెంట చొంగ కారవచ్చు. దాన్ని వెంటనే చల్లని చోటికి మార్చి, చెవులనూ పాదాలనూ చల్లని నీటితో తడుపుతూ వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. కంగారులో మంచునీళ్లలో ముంచకూడదు. పైచర్మం అకస్మాత్తుగా చల్లబడితే అక్కడి రక్తనాళాలు ముడుచుకుపోయి, లోపలి వేడి బయటికి రావడం ఇంకా కష్టమవుతుంది.

ధూళిస్నానం సంగతి కూడా ఈ బొచ్చుతోనే ముడిపడి ఉంది. నీటిలో తడిస్తే ఆ ఒత్తైన పొర అడుగుదాకా ఆరడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా చర్మం దగ్గర నిలిచిన తడిలో తామర వంటి బూజు వ్యాధులు పుడతాయి, ఒళ్ళు చలికి లోనవుతుంది. కొండలమీద ఇవి అగ్నిపర్వతపు బూడిద కలిసిన మెత్తని ధూళిలో పొర్లుతాయి; ఆ ధూళి చర్మం మీది నూనెనూ తేమనూ పీల్చుకుని రాలిపోతుంది. ఇళ్లలో అందుకు చించిల్లాల కోసమే అమ్మే అతిమెత్తని ధూళిని వాడాలి. మామూలు ఇసుక గరుకు రేణువులు వెంట్రుకలను కోసేస్తాయి, నూనె పీల్చవు. ముఖానికి రాసుకునే పౌడర్లు ఊపిరితిత్తులకు హాని. వారానికి రెండు మూడుసార్లు, పదీ పదిహేను నిమిషాలు చాలు, తేమ ఎక్కువగా ఉన్న రోజులలో మరొకసారి కలపవచ్చు. గిన్నెను రోజంతా గూటిలోనే వదిలేస్తే అది దాన్ని మరుగుదొడ్డిగా వాడుకోవడమే కాక, అతిగా పొర్లి చర్మం పొడిబారుతుంది, కళ్ళు మండుతాయి.

పళ్ళు, పేగులు: అసలు చిక్కు ఇక్కడే

వేడి హఠాత్తుగా చంపుతుంది కాబట్టి అందరికీ అదంటే భయం. ఆహారం వల్ల కలిగే హాని నెలలూ సంవత్సరాలూ బయటపడదు కాబట్టి దాన్ని పట్టించుకునేవారు తక్కువ. నా దృష్టిలో చించిల్లా పెంపకంలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన విషయం ఇదే.

చించిల్లాకు మొత్తం ఇరవై పళ్ళు ఉంటాయి: ముందు నాలుగు, వెనక దవడలలో పదహారు. ముందు పళ్ళు పెరుగుతూనే ఉంటాయన్న సంగతి చాలామందికి తెలుసు. ఏడాదికి అయిదు నుంచి ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. దవడ పళ్ళు కూడా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయన్నది చాలామందికి తెలియదు. ఎలుకకు ముందు పళ్ళు మాత్రమే అలా పెరుగుతాయి, చించిల్లాకు ఇరవయ్యీ పెరుగుతాయి. దుమ్ముతో, ఇసుకరేణువులతో కలిసిన ముతక గడ్డిని రోజంతా నమిలే జంతువుకు పళ్ళు అరిగిపోవడం పెద్ద ప్రమాదం, ఆ ప్రమాదానికి విరుగుడే ఈ ఎడతెగని పెరుగుదల. అరగడానికి తగినంత పని లేకపోతే అదే పెరుగుదల శత్రువవుతుంది.

గడ్డి నమిలేటప్పుడు కింది దవడ అటూ ఇటూ కదులుతూ, దవడ పళ్ళు ఒకదానిమీద ఒకటి చాలాసేపు రాసుకుంటాయి. పెల్లెట్లు, అంటే గుళికలుగా చేసి అమ్మే మేత, తినేటప్పుడు అలా జరగదు. రెండు మూడు నొక్కులతో అవి పిండైపోతాయి, కడుపు త్వరగా నిండుతుంది, నమిలే సమయం పడిపోతుంది. ఇలా అరుగుదల తగ్గిన పళ్ళు పైకి పెరిగి అంచులలో మొనదేలి నాలుకనూ బుగ్గలనూ కోస్తాయి. పైకి పెరగడానికి చోటు లేనప్పుడు పళ్ళ వేళ్ళు వెనక్కి, దవడ ఎముకలోకి దిగుతాయి. పై దవడలో అయితే కంటి అడుగుకు చేరతాయి. అందుకే కంట నీరు కారడం, కింది దవడ అంచున చిన్న గడ్డలు తగలడం, గడ్డం దగ్గర బొచ్చు తడిగా ఉండటం, గడ్డిని వదిలేసి మెత్తనివి మాత్రమే ఏరుకుని తినడం, ఇవన్నీ దంత వ్యాధి లక్షణాలు. అడవిలో బతికిన చించిల్లాల పుర్రెలతో పోల్చి చూసిన పరిశోధకులు పెంపుడు వాటి దవడ పళ్ళు పొడవుగా ఉండటం గమనించారు. వంశపారంపర్యం పాత్ర కూడా ఇందులో ఉంది, కానీ మన చేతిలో ఉన్నది మేతే. వైద్యులు మత్తుమందు ఇచ్చి మొనలను అరగదీయగలరు. లోపలికి దిగిన వేళ్ళను మాత్రం వెనక్కి తేలేరు. వాటిని పూర్తిగా చూడాలంటే ఎక్స్‌రే లేదా సీటీ స్కాన్ కావాలి. నోరు తెరిచి చూస్తే సగం కథే కనిపిస్తుంది.

కొరకడానికి చెక్కముక్కలు ఇస్తున్నాం కదా, పళ్ళు వాటంతటవే అరుగుతాయి కదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. చెక్క కొరికితే అరిగేవి ముందు పళ్ళే. దవడ పళ్ళకు ఆ పని చేసిపెట్టేది గడ్డి మాత్రమే. చెక్క వద్దని కాదు. ఆపిల్, విల్లో కొమ్మలు, వేడితో బాగా ఆరబెట్టిన పైన్ చెక్క దానికి మంచి కాలక్షేపం. దేవదారు జాతి చెక్కలు, చెర్రీ, ప్లమ్ వంటి టెంక పండ్ల చెట్ల కొమ్మలు మాత్రం ఇవ్వకూడదు. మరొక చిన్న మాట: చించిల్లా ముందు పళ్ళు పసుపు, నారింజ రంగుల మధ్య ఉంటే అది మురికి కాదు, ఆరోగ్యం. అవి తెల్లబారితేనే ఆందోళన పడాలి.

పేగుల విషయానికి వస్తే, గడ్డిలోని పీచును చించిల్లా తనంతట తాను అరిగించుకోలేదు. పెద్దపేగు మొదట్లో ఉండే సీకమ్ అనే పెద్ద సంచిలోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. అక్కడ తయారైన మెత్తని విసర్జనను అది మళ్ళీ తినడం చూసి కొత్తవారు కంగారు పడతారు గాని, మొదటి విడతలో అందని పోషకాలను రాబట్టుకునే సహజమైన పద్ధతి అది. ఈ సూక్ష్మజీవుల సమతూకం పీచు మీద నిలిచి ఉంటుంది. తీపి, పిండి పదార్థాలు ఎక్కువగా చేరితే గ్యాసును పుట్టించే బాక్టీరియా విజృంభిస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. వాంతి చేసుకోలేని జంతువు కనుక ఆ ఉబ్బరం నుంచి దానికి తప్పించుకునే దారి ఉండదు. మరోవైపు పీచు తగ్గితే పేగుల కదలికే మందగించి ఆగిపోవచ్చు. ఈ రెండూ కొన్ని గంటలలో ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితులు.

కాబట్టి భోజనం ఇలా ఉండాలి: తిమోతి వంటి గడ్డి జాతుల ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో, దానితోపాటు రోజుకు ఒకటి రెండు టేబుల్ స్పూన్ల సాదా పెల్లెట్లు, తాజా నీరు. రంగురంగుల గింజలూ ఎండుపండ్లూ కలిపిన మిశ్రమాలను కొనవద్దు. చించిల్లా వాటిలో తీపినీ కొవ్వునూ ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. ఎండుద్రాక్ష, అరటి ముక్క, బాదం, పొద్దుతిరుగుడు గింజ ఏవీ దానికి పనికిరావు. నూనెగింజల కొవ్వు కాలేయానికి భారం. అది ఆబగా తింటోందంటే దానికి మంచిదని అర్థం కాదు. తీపి అపురూపంగా దొరికే చోట పుట్టిన జంతువు తీపి కనిపించగానే వదలకపోవడం సహజం. అప్పుడప్పుడూ ఒక ఎండు గులాబీ కాయో, చిటికెడు ఓట్సో ఇవ్వవచ్చు. అల్ఫాల్ఫాలో, అంటే లూసర్న్ గడ్డిలో కాల్షియం ఎక్కువ. చూలుతో ఉన్నవాటికీ, పాలిచ్చేవాటికీ, పిల్లలకూ అది ఉపయోగం, పెద్దవాటికి రోజూ పెడితే మూత్రాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం ఉంది. మేతలో ఏ మార్పు చేసినా వారం పది రోజులలో కొద్దికొద్దిగా చేయాలి, ఎందుకంటే మారవలసింది దాని అలవాటు మాత్రమే కాదు, దాని పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా.

ఇదే కారణంతో మందుల విషయంలోనూ అత్యంత జాగ్రత్త అవసరం. పెన్సిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయోటిక్‌లు నోటి ద్వారా ఇస్తే సీకమ్‌లోని మేలైన బాక్టీరియా నశించి, హానికరమైనవి విషాన్ని విడుదల చేయడంతో చించిల్లా మరణించవచ్చు. మనుషులకో కుక్కలకో ఇచ్చిన మందు మిగిలి ఉంటే దానికి వాడటం ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

భయం, గూడు, తోడు

కొండమీద గద్ద, నక్క, గుడ్లగూబ కళ్ళనుంచి తప్పించుకుంటూ బతికిన జంతువుకు మన చేయి కూడా మొదట వేటగానిదే. పట్టుకోబోయినప్పుడు చించిల్లా ఆ చోట బొచ్చును కుచ్చుగా వదిలేసి తప్పించుకుంటుంది. వేటాడే జంతువు నోటిలో వెంట్రుకలు మాత్రమే మిగలడానికి ఏర్పడిన రక్షణ ఇది. రక్తం రాదు గాని, ఆ చోట బొచ్చు మళ్ళీ పూర్తిగా పెరగడానికి నెలలు పడుతుంది. కనుక పైనుంచి పట్టుకోకుండా, రెండు చేతులనూ కింద చేర్చి, అదే చేతిలోకి వచ్చేలా ఓపికగా అలవాటు చేయాలి. కొన్ని ఎన్నటికీ ఒడిలో కూర్చోవు, భుజం మీదికి మాత్రం ఎక్కుతాయి. గట్టిగా హత్తుకోవాలనుకునే చిన్నపిల్లల కోసం ఈ జంతువును తెచ్చిపెట్టడం ఇద్దరికీ అన్యాయమే. పైగా ఇవి సంధ్యవేళ నుంచి తెల్లవారేదాకా చురుగ్గా ఉండి పగలు నిద్రపోతాయి. పగటి గోలలో దానికి నిద్ర ఉండదు. చించిల్లా వినే శబ్దాల పరిధి మనిషిదానికి దగ్గరగా ఉంటుంది కనుకనే చెవికి సంబంధించిన పరిశోధనలలో దీన్ని విస్తృతంగా వాడుతూ వచ్చారు; మనకు చెవులు గింగురుమనిపించే శబ్దం దానినీ బాధిస్తుంది.

గూడు వెడల్పుతోపాటు ఎత్తుగానూ ఉండాలి, అయితే ఎక్కడినుంచి జారినా నేరుగా అడుగుకు పడిపోకుండా చెక్క బల్లలు మెట్లుమెట్లుగా అమర్చాలి. తీగల నేల మీద పాదాలు పుండ్లు పడతాయి. తీగల సందుల్లో ఇరుక్కుని సన్నని ముంగాలి ఎముకో పిక్క ఎముకో విరగడం పశువైద్యులు తరచుగా చూసే గాయం. ప్లాస్టిక్ వస్తువులను అది కొరికి మింగి పేగులకు అడ్డం తెచ్చుకుంటుంది. పరుగుచక్రం ఇస్తే సుమారు 38 సెంటీమీటర్ల వ్యాసమైనా ఉండి, పరుగెత్తే తలం సందులు లేకుండా ఉండాలి. చిట్టెలుకల కోసం అమ్మే మూసిన ప్లాస్టిక్ బంతిలో చించిల్లాను పెట్టకూడదు, అందులో వేడి పోయే దారే లేదు.

తోడు విషయంలో తొందరపాటు పనికిరాదు. గుంపులుగా బతికే జంతువు కాబట్టి జంటగా ఉంచడం దానికి మంచిదే, కానీ కొత్తదాన్ని నేరుగా పాతదాని గూటిలో వదిలితే ప్రాణాంతకమైన కొట్లాట జరగవచ్చు. రెండు గూళ్లనూ కొన్ని వారాలపాటు పక్కపక్కన ఉంచి, వాసనలు మార్చుకోనిచ్చి, ఆ తర్వాత రెండింటికీ కొత్తదైన చోట కలపాలి. సాధారణంగా ఆడవే పెద్దవిగా ఉండి పెత్తనం చేస్తాయి. కోపం వస్తే వెనక కాళ్లమీద లేచి మూత్రం చిమ్ముతాయి. ఆడ మగలను కలిపి ఉంచితే సంతానం తప్పదు. చూలు 111 రోజులు. ఇంత చిన్న జంతువుకు అది చాలా ఎక్కువ కాలం. అందుకు తగినట్టే పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరిచి, పళ్లతో పుడతాయి. ఈత ముగిసిన వెంటనే తల్లి మళ్ళీ చూలు కట్టగలదు కనుక మగదాన్ని ముందుగానే వేరు చేయకపోతే తల్లి శరీరం కుంగిపోతుంది. రంగుల మోజులో జతలు కట్టేవారు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి: వెల్వెట్ రంగున్న రెండింటినీ, లేదా ఒకే తరహా తెలుపు జన్యువున్న రెండింటినీ జతచేస్తే, ఇద్దరి నుంచీ ఆ జన్యువును పొందిన పిండాలు బతకవు. వంశం తెలియని జంతువులతో ఈత వేయించకపోవడమే మంచిది.

జబ్బును దాచే జంతువు

వేటకు గురయ్యే జంతువు తన బలహీనతను బయటపెట్టదు. చించిల్లా నీరసంగా కనిపించే నాటికి జబ్బు ముదిరి ఉంటుంది. అందువల్ల దాని ముఖం చూసి తెలుసుకోవాలనుకోవడం కన్నా కొలతలను నమ్మడం మంచిది. పెద్ద చించిల్లా సాధారణంగా 400 నుంచి 600 గ్రాముల వరకు తూగుతుంది, కొన్ని ఇంకా ఎక్కువే తూగుతాయి. వంటింటి తూకపు యంత్రం మీద వారానికొకసారి, వీలైనంతవరకు ఒకే సమయంలో తూచి రాసిపెట్టుకుంటే, దాని మామూలు బరువులో పదోవంతు తగ్గడం అన్నది కంటికి కనిపించకముందే కాగితం మీద కనిపిస్తుంది. పెంటికలు పొడిగా, బియ్యపు గింజకన్నా కాస్త పెద్దగా, రోజుకు వందకు పైగా ఉండాలి. అవి చిన్నవైపోయినా, తగ్గినా పేగులు మందగిస్తున్నాయన్న మాటే. మగవాటికి జననాంగం చుట్టూ వెంట్రుకలు ఉంగరంలా చుట్టుకుని రక్తప్రసారాన్ని ఆపివేసే సమస్య ఉంది కనుక నెలకొకసారైనా ఆ చోటును పరిశీలించాలి. బొచ్చును తానే కొరుక్కుని సింహపు జూలులా మెడ చుట్టూ మాత్రం మిగుల్చుకుంటే, ఒంటరితనం, ఇరుకు, వేడి, పళ్ళ నొప్పి, ఏదో ఒకటి దాన్ని బాధిస్తోందేమో వెతకాలి.

ఇరవై నాలుగు గంటలపాటు తినకపోతే మర్నాటిదాకా ఆగి చూద్దామనుకోకూడదు. ఆ జంతువును తెచ్చుకోవడానికి ముందే, కుందేళ్ళు, గినీ పిగ్‌ల వంటి చిన్న జంతువులకు వైద్యం చేసిన అనుభవమున్న పశువైద్యుడు అందుబాటులో ఉన్నారో లేదో కనుక్కోవాలి. చించిల్లాలకు దంత ఎక్స్‌రే తీయగలరా, మత్తుమందు ఇచ్చిన అనుభవం ఉందా, రాత్రివేళ అత్యవసరమైతే ఎక్కడికి తీసుకురావాలి అన్న మూడు ప్రశ్నలు సూటిగా అడగాలి. చక్కగా చూసుకుంటే చించిల్లా పదిహేనేళ్ళు, కొన్ని ఇరవై ఏళ్ళు కూడా బతుకుతాయి. ఒకటి ఇరవై తొమ్మిదేళ్ళకు పైగా బతికి గిన్నిస్ రికార్డుకెక్కింది. కనుక ఈ రోజు అడిగే ఆ ప్రశ్నలతోపాటు, ఇల్లు మారినా, ఊరు మారినా, ఉద్యోగం మారినా ఆ చల్లని గదినీ, ఆ వైద్యుణ్ణీ, ఆ ఎండుగడ్డినీ ఏర్పాటు చేయగలమా అన్న ప్రశ్నను కూడా ఇంట్లో అందరూ కూర్చుని ముందుగానే మాట్లాడుకోవాలి. అందుకు అవునన్న సమాధానం రాకపోతే ఇంకా తీసుకురాకముందే ఆగిపోవచ్చు. వచ్చాక మారినట్లయితే, ఈ జాతిని ఎరిగినవారికి దాని బరువుల చిట్టాతో సహా అప్పగించడం దానికి చేయగలిగిన మేలు.